నడివయసులో మళ్లీ చదువు: ఫీజు కట్టే ముందు తేల్చుకోవాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉద్యోగం చేస్తూ మళ్లీ చదువు మొదలుపెట్టినవాళ్లు ‘డిగ్రీ చదువుతున్నాను’ అనడం తక్కువ. ‘డిగ్రీ కట్టాను’ అంటారు. ఓపెన్‌లో కట్టాను, దూరవిద్యలో ఎంఏ కట్టాను, ప్రైవేటుగా ఇంటర్ కట్టాను. వాడుక మాటే, తప్పు పట్టేదేమీ లేదు. కానీ జరిగే పొరపాటు ఆ మాటలోనే కనిపిస్తుంది. ముందు ఫీజు కట్టేస్తారు, సబ్జెక్టు ఏమిటన్నది ఆ రోజు కౌంటర్ దగ్గర తేలుతుంది. తోటి ఉద్యోగి ఎంఏ సోషియాలజీ తీసుకున్నాడని తనూ అదే తీసుకోవడం, మెటీరియల్ తెలుగులో ఉందని ఇంకొకటి తీసుకోవడం మామూలే. ‘పాసవడం తేలిక’ అని ఎవరైనా అన్నారంటే ఇక ఆలోచించే పనే ఉండదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఇలా చేరినా తర్వాత సర్దుకోవచ్చు. ముప్పై ఎనిమిదిలో అయితే పోయేది ఫీజు ఒక్కటే కాదు, డ్యూటీ దిగొచ్చి పుస్తకం పట్టిన రెండు మూడేళ్ల రాత్రులు కూడా.

2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. చదువు మధ్యలో ఆపి జూట్ మిల్లుకో, మిలిటరీకో, హైదరాబాద్ బిల్డింగు పనులకో, గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదకో వెళ్లిన అప్పటి కుర్రాళ్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. ‘ఈ వయసులో సదువేటి’ అని ఇంట్లో అన్నా పట్టించుకోకుండా మళ్లీ చేరుదామనుకునేవాళ్లు వీళ్లలో చాలామందే ఉంటారు. వాళ్లకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది. కోర్సు దగ్గర మొదలుపెట్టకుండా, చేరాలనుకున్న పని దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావడం. ఆ పనికి చట్టం ఏ అర్హత అడుగుతోంది, ఆ అర్హత దూరవిద్యలో వస్తే చెల్లుతుందా, అది చేతికొచ్చేనాటికి వయసు దాటిపోదు కదా. ఈ మూడూ తేలాక సబ్జెక్టుల జాబితా దానంతటదే చిన్నదైపోతుంది.

టీచరు ఉద్యోగాన్నే తీసుకుందాం. బీఏ చదివి పదేళ్లుగా ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్న ఒకావిడ ఉన్నారనుకోండి. వయసు 39. డీఎస్సీ రాయాలని కోరిక, చిన్నపిల్లలకు చెప్పడమంటే ఇష్టం. అందరూ బీఈడీ చేయమంటారు. కానీ 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ప్రైమరీ తరగతుల టీచరు పోస్టుకు బీఈడీ పనికిరాదు. ఎస్జీటీ, అంటే ప్రభుత్వ ప్రైమరీ టీచరు, కావాలంటే రెండేళ్ల టీచరు డిప్లొమా డీఎల్‌ఈడీ ఉండాల్సిందే. హైస్కూల్లో చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఈడీ కావాలి. అక్కడ ఇంకో మెలిక ఉంది. డిగ్రీలో చదివిన సబ్జెక్టు, శిక్షణలో తీసుకున్న మెథడాలజీ (బోధన నేర్చుకున్న సబ్జెక్టు), రాయాలనుకుంటున్న పోస్టు మూడూ ఒకే దారిలో ఉండాలి. డిగ్రీలో తెలుగును సెకండ్ లాంగ్వేజీగా మాత్రమే చదివినవారికి స్కూల్ అసిస్టెంట్ తెలుగు పోస్టుకు ఆ డిగ్రీ ఒక్కటీ చాలదు. వాళ్లు ఎంఏ తెలుగు చేయాలి, దాంతో పాటు బీఈడీలో తెలుగు మెథడాలజీ గానీ తెలుగు పండిట్ శిక్షణ గానీ ఉండాలి. ఇలాంటివారు దూరవిద్యలో ఎంఏ కడితే దానికో అర్థం ఉంటుంది. పక్క టీచరు కట్టిందని ఎంఏ పొలిటికల్ సైన్స్ కడితే దాంతో తెలుగు పోస్టు రాదు.

ఇక వయసు లెక్క. 2025లో 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీలో జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 44. బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో అయిదేళ్లు. ఆమె స్కూల్ అసిస్టెంట్ తెలుగు వైపు వెళ్తే, ఎంఏకి రెండేళ్లు, బీఈడీకి రెండేళ్లు అనుకుంటే చేతికి రెండు కాగితాలూ వచ్చేసరికి 43. జనరల్ కేటగిరీ అయితే ఆ తర్వాత నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటానికి ఏడాదికి మించి మిగలదు. బీసీ అయితే రెండు మూడు సార్లు రాసే వీలుండవచ్చు. కోర్సు ఒకటే, కాలేజీ ఒకటే, అయినా ఒకరికి పనికొచ్చే నిర్ణయం ఇంకొకరికి పనికిరాదు. టీచరు అర్హత పరీక్ష టెట్ మాత్రం 2021 నుంచి జీవితకాలం చెల్లుతోంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఏపీపీఎస్సీ ఉద్యోగాలకూ ఇలాంటి లెక్కే. నిబంధనల్లో ఉన్న 34 ఏళ్ల పరిమితిని ప్రభుత్వం జీవోలిచ్చి 42కు పెంచుతూ వస్తోంది. ఆ జీవోలకు గడువుంటుంది. ‘ఎలాగూ పెంచుతారులే’ అనుకుని మూడేళ్ల డిగ్రీలో చేరడం, మబ్బును చూసి ముంత ఒలకబోసుకోవడమే.

నడివయసులో మనసు ఎక్కువగా లాగే చదువు లా. ఏపీ లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా చాలు, మార్కులు జనరల్‌కు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 ఉండాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియంది బార్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. ఇంటర్ లేకుండా ఎలిజిబిలిటీ టెస్టు రాసి ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీలో చేరినవారికి లా ప్రవేశానికి అర్హత లేదు. దూరవిద్యలోనే అయినా టెన్త్, ఇంటర్, డిగ్రీ వరసగా చేసినవారికి ఇబ్బంది లేదు. 1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ హైదరాబాద్‌లో పుట్టింది. ఇంటర్ లేనివారికి డిగ్రీ తలుపు తీయడం దాని గొప్పతనం. అక్కడ తెరుచుకున్న తలుపు లా కాలేజీ దగ్గర మూసుకుంటుందని చాలామందికి అప్లికేషన్ పెట్టాకే తెలుస్తుంది. ఇలాంటివారు ఇప్పుడైనా ఓపెన్ స్కూల్లో ఇంటర్ చేసి, తర్వాత మళ్లీ డిగ్రీ చేయాలి. అంత ఓపిక లేకపోతే లా మాట మరచిపోవడమే మేలు.

లా చదివాక ఏమవుదామన్నది ఇంకో ప్రశ్న. జడ్జి కావాలని చేరేవాళ్లున్నారు. రాష్ట్రంలో సివిల్ జడ్జి పోస్టుకు జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 35. పైగా మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది. నలభైలో చేరినవారికి ఆ దారి లేనట్టే. న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి వయసు అడ్డం కాదు, కానీ జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయడం బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. అంటే ఏదో ఒక రోజు జీతం వదులుకోవాలి, ఆపైన కొన్నేళ్లు సీనియర్ దగ్గర ఫైళ్లు మోయాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తూ పదిహేనేళ్లు గడిపినవారికి ఇది పెద్ద కష్టం కాదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీలు, అడంగళ్లు వాళ్లకు కంఠతా వచ్చు, కక్షిదారుల పరిచయాలూ ఉంటాయి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఉన్న మనిషి నల్లకోటు మీద మోజుతో చేరితే మాత్రం పాత అనుభవమంతా గేటు బయటే ఉండిపోతుంది.

దూరవిద్య చెల్లే చోటు, చెల్లని చోటు

గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. అది ఆ పద్ధతిలో చెప్పడానికి అనుమతి ఉన్న కోర్సులకే వర్తిస్తుంది. ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లా దూరవిద్యలో ఉండవు. 2025 నుంచి సైకాలజీ, న్యూట్రిషన్ వంటి ఆరోగ్య సంబంధ కోర్సులను కూడా దూరవిద్యలోంచి తీసేశారు. కాబట్టి ఇంటి దగ్గరే ఉండి ఫలానా పారామెడికల్ డిప్లొమా చేయొచ్చని ఎవరైనా చెబితే అక్కడే ఆగిపోవాలి.

ఇది శ్రీకాకుళం జిల్లాకు మరీ ముఖ్యం. ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు లాంటి మండలాల్లో కిడ్నీ జబ్బుల సంగతి దేశమంతటికీ తెలుసు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డయాలసిస్ టెక్నీషియన్ల అవసరం ఇక్కడ ఒక సీజన్‌తో పోయేది కాదు. ఆ ప్రాంతంలోనే ఉంటూ, బైపీసీ చదివి, రోజూ ఆసుపత్రికి వెళ్లి నేర్చుకునే వీలున్నవారికి ఇంతకంటే నమ్మకమైన రంగం దగ్గర్లో లేదనే చెప్పాలి. కానీ మెషీను పక్కన నిలబడి నేర్చుకోవాల్సిన పని ఇది. పారామెడికల్ బోర్డు గుర్తింపు లేని చోట డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో ఆసుపత్రిలో అడుగుపెట్టలేరు. నర్సింగ్ వైపు చూసేవాళ్లు వయసు కూడా చూసుకోవాలి. నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎంలో చేరడానికి గరిష్ఠ వయసు 35. నీట్ రాయడానికేమో 2022 నుంచి గరిష్ఠ వయసే లేదు. నలభై ఏళ్లకు డాక్టరు చదువులో చేరవచ్చు గానీ నర్సు చదువులో చేరలేరన్నమాట!

మెడికల్ షాపులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషిది ఇంకో కథ. మందుల పేర్లు, డోసులు, ఏ డాక్టరు ఏం రాస్తాడో అన్నీ నోటికొచ్చు. అయినా 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం మందు ఇచ్చే అధికారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే ఉంది. అందుకు డీఫార్మసీ చేయాలి. అది రెగ్యులర్ కోర్సు, రెండేళ్లు, ఆపైన 500 గంటల ట్రైనింగు. ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ ఉండాలి. అతను సీఈసీ చదివి ఉంటే ముందు మళ్లీ ఇంటర్ సైన్స్, తర్వాత డీఫార్మసీ. నాలుగేళ్లు పైమాటే. డీఫార్మసీ చేసినంత కాలం పగలు షాపు పని వదులుకోవాలి. సొంత షాపు పెట్టే ఆలోచన గట్టిగా ఉంటే ఈ లెక్క కుదురుతుంది. లేకపోతే ఇంట్లో ఇంటర్ సైన్స్ పూర్తిచేసిన తమ్ముణ్నో చెల్లెల్నో ఫార్మసీలో చేర్చి షాపు తను చూసుకోవడం మంచిది. ఊళ్లలో తెలివైనవాళ్లు చేసేది అదే.

పాత పని మీద కట్టే కొత్త చదువు

పైడిభీమవరం మందుల కంపెనీల్లో బీఎస్సీ కెమిస్ట్రీతో చేరి పదేళ్లు దాటినవాళ్లు తరచూ ఎంఎస్సీ కడుతుంటారు. ఎందుకని అడిగితే ‘పైకి పోవడానికి’ అంటారు. ఏ పైకి అన్నది చూడాలి. మందుల తయారీ పర్యవేక్షణకు లైసెన్సులో పేరు రాయించుకునే టెక్నికల్ స్టాఫ్‌కు డ్రగ్స్ రూల్స్ అడిగేది కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ, తయారీలో మూడేళ్ల అనుభవం. ఫార్మసీ డిగ్రీ ఉన్నవారికి 18 నెలల అనుభవం చాలు. అంటే ప్రొడక్షన్‌లో ఉన్న బీఎస్సీ మనిషికి చట్టం అడిగే అర్హత ఇప్పటికే ఉంది. అతనికి కావాల్సింది డాక్యుమెంటేషన్ మీద, ఆడిట్లలో ఇంగ్లిష్‌లో జవాబు చెప్పడం మీద పట్టు. అది ఎంఎస్సీ క్లాసులో దొరకదు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కు మారాలంటే మాత్రం ఎనలిటికల్ కెమిస్ట్రీ పనికొస్తుంది, అది కూడా ల్యాబ్ ఉన్న చోట చేస్తేనే. డిగ్రీ లేకుండా ఆపరేటర్‌గా ఉన్నవారి పరిస్థితి వేరు. వాళ్లకు బీఎస్సీ కెమిస్ట్రీ నిజంగానే మెట్టు. బీఏ ఎంత తేలిక అయినా, ఎంత త్వరగా అయిపోయినా అక్కడ మెట్టు కాదు.

ఇదే పారిశ్రామిక వాడలో ఇంకో చదువుంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఇండస్ట్రియల్ సేఫ్టీ. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 1,000 మంది, అంతకు మించి కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసరు ఉండాలి. 2020లో చేసి 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక కోడ్ దాన్ని 500కు తగ్గించింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలకు 250, భవన నిర్మాణ పనులకూ 250. కెమికల్, ఫార్మా యూనిట్లున్న పైడిభీమవరం నుంచి బొబ్బిలి గ్రోత్ సెంటర్ దాకా దీని ప్రభావం ఉంటుంది. ఈ ఉద్యోగానికి డిగ్రీ లేదా డిప్లొమా, కొన్నేళ్ల పరిశ్రమ అనుభవం, వాటిపైన గుర్తింపు ఉన్న సేఫ్టీ డిప్లొమా అడుగుతారు. స్థానిక భాష రావాలని కూడా ఉంటుంది. పాలిటెక్నిక్ డిప్లొమాతో మెయింటెనెన్స్‌లో పదిహేనేళ్లు చేసినవారికి ఇది అచ్చంగా వాళ్ల కోసమే పెట్టినట్టుంటుంది. వాల్వు ఎక్కడ లీకవుతుందో, వర్క్ పర్మిట్ లేకుండా ట్యాంకులోకి ఎవరు దిగుతారో వాళ్లకు తెలిసినంతగా కాలేజీ నుంచి నేరుగా వచ్చిన కుర్రాడికి తెలియదు. ఇరవై రెండేళ్లవాడితో పోటీపడితే నడివయసు మనిషి గెలిచే చోట్లు తక్కువ. ఇది వాటిల్లో ఒకటి.

మిలిటరీ నుంచి వచ్చినవారి విషయం విడిగా చెప్పుకోవాలి. రెండు జిల్లాల్లోనూ సిపాయిలను పంపిన ఊళ్లు చాలా ఉన్నాయి. పదిహేడు పద్దెనిమిదేళ్ల సర్వీసు చేసి హవల్దారుగా దిగేసరికి నలభై నిండవు. టెన్త్ పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్నవారిని డిగ్రీ అడిగే కేంద్ర గ్రూప్ సి పోస్టులకు అర్హులుగా చూస్తారు. ఆ పోస్టు సాంకేతికమైనదై ఉండకూడదు, అంతే. వయసు లెక్కలో సర్వీసు కాలం తీసేసి, ఇంకో మూడేళ్లు వెసులుబాటు కూడా ఇస్తారు. కాబట్టి కేంద్ర గుమస్తా ఉద్యోగమే లక్ష్యం అయితే దానికోసం బీఏ కట్టనక్కర్లేదు. ఆ సమయం అరిథ్‌మెటిక్, రీజనింగ్, ఇంగ్లిష్ మీద పెట్టుకోవచ్చు. కానీ ఈ వెసులుబాటు కోసం ఆర్మీ ఇచ్చే సర్టిఫికెట్ డిగ్రీ కాదు. లాసెట్‌కు, ఐసెట్‌కు, ఎడ్‌సెట్‌కు అది చెల్లదు. ఈ తేడా తెలియక అవసరం లేని డిగ్రీ కట్టినవాళ్లూ ఉంటారు, అవసరమైన డిగ్రీ మానేసినవాళ్లూ ఉంటారు.

చేతిలో ఉన్న విద్యను చూసి మెట్లు దాటించే పద్ధతి అప్పుడప్పుడూ కనిపించేది. ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళితే, ఆయన వయొలిన్ విని ఆచార్యుడిగానే తీసుకున్నారని చెబుతారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే. ఆ కాలేజీకి ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్. విన్నవాడు గొప్పవాడైతే అలా జరుగుతుంది. ఇప్పుడు పాత అనుభవానికి క్రెడిట్లు ఇవ్వాలని 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ కాగితం మీద చెబుతోంది. చేరబోయే కాలేజీలో అది అమలవుతోందో లేదో అడిగి తెలుసుకోవడంలో పోయేదేమీ లేదు.

భోగాపురం, మూలపేట మాట కూడా. 2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు, మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. ఆ పేరు చెప్పుకుని ఏవియేషన్, పోర్టు మేనేజ్‌మెంట్ డిప్లొమాలు అమ్మడం ఏమంత కష్టం కాదు. విమానాశ్రయంలో పనంటే విమానం పనే కానక్కర్లేదు. ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్, ఫైర్, అకౌంట్స్, క్యాటరింగ్, డ్రైవింగ్ అన్నీ అక్కడ కావాలి. ఈ చదువులు విమానాశ్రయం ఆలస్యమైనా విజయనగరంలోనో విశాఖలోనో అన్నం పెడతాయి. రన్‌వే పేరు మీద చేసిన డిప్లొమా అలా పెట్టదు. డేటా సైన్స్‌కూ ఇదే మాట. రోజూ ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టే స్టోర్స్ ఉద్యోగికి అది పనికొస్తుంది, కంప్యూటర్ ముట్టనివారికి నలభైలో అది మొదటి మెట్టు కాదు.

వేళల సంగతి చిన్నదనిపిస్తుంది గానీ కోర్సులు మధ్యలో ఆగిపోయేది అక్కడే. ఇగ్నో టర్మ్ పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. డిసెంబరంటే ఇక్కడ వరి కోతలు, నూర్పులు. పొలం ఉన్నవారు జూన్ పరీక్షలకే ఎక్కువ పేపర్లు పెట్టుకోవడం తెలివి. మూడేళ్ల డిగ్రీకి అక్కడ ఆరేళ్ల దాకా గడువుంది కాబట్టి కంగారు లేదు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ యూనివర్సిటీలో రెగ్యులర్ పీజీ చేద్దామనుకునే షిఫ్టు ఉద్యోగి మాత్రం మూడు షిఫ్టులూ కాగితం మీద వేసి చూసుకోవాలి. జనరల్ షిఫ్టు ఉన్నవారికి పగటి క్లాసులు కుదరవు, హాజరు నిబంధన ఎవరినీ వదలదు. దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదని, చదువు అప్పు మీద వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉందని కూడా ముందే తెలిసి ఉండాలి.

డిగ్రీ మధ్యలో ఆపేసినవారు ఇంకో పని ముందు చేయాలి. పెట్టెలోంచి పాత మార్కుల జాబితాలు తీయాలి. రాష్ట్రంలో డిగ్రీ 2015–16లో సెమిస్టర్ పద్ధతికి, 2023–24లో ఒకే మేజర్ పద్ధతికి మారింది. ఇయర్‌వైజ్ పద్ధతిలో మిగిలిన రెండు పేపర్లు ఇప్పుడు రాసేద్దామంటే ఆ సబ్జెక్టు ఉండకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో చదివినా, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ 2008లో వచ్చింది కాబట్టి, అంతకు ముందువారి రికార్డులు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంటాయి. డూప్లికేట్ మెమో, మైగ్రేషన్ కావాలంటే ఆ ఊరికే వెళ్లాలి. టెన్త్ మెమోలో ఉన్న పేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో మారిన ఇంటిపేరు ఒకటి కాకపోతే అప్లికేషన్ అక్కడే ఆగుతుంది. ఆధార్ సరిచేయించడానికి పట్టే వారాలు కూడా, చివరి తేదీ చూసుకునేటప్పుడు లెక్కలో వేసుకోవాలి.